మన బడికి కంప్యూటర్లు కొంటున్నారా? లెక్క మనమూ అడుగుదాం

ప్రభుత్వ బడులు తిరిగిన కార్యకర్తలకు ఈ గది కొత్తేమీ కాదు. తలుపు మీద ‘కంప్యూటర్ ల్యాబ్’ అని రంగుతో రాసి ఉంటుంది, దానికి తాళం వేసి ఉంటుంది. అడిగితే తాళంచెవి హెడ్‌మాస్టరు బీరువాలో ఉందంటారు. తలుపు తీయిస్తే దుమ్ము పట్టిన మానిటర్లు, బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్, అట్టపెట్టె విప్పని ప్రింటరు కనిపిస్తాయి. రికార్డుల్లో మాత్రం ఆ బడికి కంప్యూటర్లు ఉన్నట్టే.

2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటర్ సౌకర్యం ఉన్న బడులు 64.7 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 63.5 శాతం. అంటే మూడో వంతుకు పైగా బడులకు కంప్యూటర్ ఇంకా చేరలేదు, ఇంటర్నెట్ సంగతీ అంతే. చేరినచోట కూడా పిల్లల వేళ్లు కీబోర్డు మీద ఎన్ని గంటలు ఆడుతున్నాయో ఆ లెక్క చెప్పదు.

ఈ నష్టం అందరిదీ ఒక్కటి కాదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లవాడికి బడి కంప్యూటర్ చెడిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. వాడ నుంచి వచ్చే పిల్లకు, సంక్షేమ హాస్టల్లో ఉండే పిల్లవాడికి చాలాసార్లు బడిలో ఉన్నదే మొదటి కంప్యూటర్. రేపు ప్రవేశ పరీక్షల్లో చాలా భాగం రాయాల్సింది కంప్యూటర్ మీదే. కాబట్టి బడికి ఏం కొంటున్నారు, ఎంతకు కొంటున్నారు, ఎన్నేళ్లు పనిచేస్తుంది అన్నవి అధికారుల ఫైళ్లకే వదిలేసే ప్రశ్నలు కావు.

ఎవరి డబ్బు, ఎంత డబ్బు

మొదట డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి. సమగ్ర శిక్ష నిబంధనల్లో ఒక ఐసీటీ ల్యాబ్‌కు ఒకసారి ఇచ్చే మొత్తం గరిష్ఠంగా 6.40 లక్షల రూపాయలు. నిర్వహణకు ఏటా 2.40 లక్షల వరకు వేరే ఇస్తారు. స్మార్ట్ క్లాస్‌రూమ్‌కు ఒకసారి 2.40 లక్షలు, నిర్వహణకు ఏటా 38 వేల వరకు పరిమితి ఉంది. కొనడానికి ఒక పద్దు, నడపడానికి మరో పద్దు ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోండి. చాలాచోట్ల మొదటి పద్దు ఖర్చవుతుంది, రెండోది ఏమైందో ఎవరూ అడగరు.

ఇవి కాక బడికి నేరుగా వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఉంది. విద్యార్థుల సంఖ్యను బట్టి ఏటా 10 వేల నుంచి లక్ష రూపాయల దాకా ఇస్తారు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోంచే.

మరో పద్దు మనకు ఇంకా ముఖ్యమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యమం చేసి సాధించుకున్న 2013 ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం జనాభా దామాషాలో నిధులు కేటాయించాలంది. తెలంగాణలో 2017 నుంచి దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు తెలంగాణలో 15.45 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 17 శాతం పైచిలుకు. గురుకులాలకు, హాస్టళ్లకు కొనే పరికరాల బిల్లు ఈ నిధుల్లోంచి పోతోందా అని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. మంజూరు ఉత్తర్వులో ఖాతా పద్దు అంకెలు చూడండి. అందులో 789 ఉంటే అది ఎస్సీల వాటా డబ్బు, 796 ఉంటే ఎస్టీలది. ఆ డబ్బుతో కొన్న ల్యాబ్ తాళంలో ఉందంటే మన వాటా తాళంలో ఉన్నట్టే.

తక్కువ ధర వేరు, తక్కువ ఖర్చు వేరు

ప్రభుత్వ కొనుగోళ్లలో అందరి నోటా వినపడే మాట ‘ఎల్‌1’. అర్హులైన బిడ్డర్లలో అతి తక్కువ ధర చెప్పినవారికే ఆర్డరు అని అర్థం. ఇది అవినీతికి అడ్డుకట్ట వేయాలన్న ఉద్దేశంతో పెట్టిన పద్ధతే. కానీ ఏ ధరను పోలుస్తున్నారన్నది అసలు ప్రశ్న. పెట్టె ధర ఒక్కటే పోలిస్తే బడి నష్టపోతుంది. ఐదేళ్లు నడపడానికయ్యే మొత్తం ఖర్చును పోల్చాలి.

ఒక ఊహాలెక్క వేద్దాం. బడికి పది కంప్యూటర్లు కావాలి. మొదటి కంపెనీ ఒక్కోటి 28 వేలంది, వారంటీ ఒక్క ఏడాది. రెండోది 34 వేలంది, ఐదేళ్లపాటు బడికే వచ్చి బాగుచేసే వారంటీ ఇస్తానంది. పైకి చూస్తే మొదటిదే చౌక. 2,80,000 ఎక్కడ, 3,40,000 ఎక్కడ?

ఇప్పుడు మిగతాది కలపండి. మొదటి కంపెనీ యంత్రాలకు రెండో ఏడాది నుంచి నిర్వహణ ఒప్పందం, అంటే ఏఎంసీ కావాలి. ధరలో ఏటా 8 శాతం అనుకుంటే 22,400. నాలుగేళ్లకు 89,600. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు ఒక్కో యంత్రానికి 5 వేలు అనుకుంటే మరో 50 వేలు. మొత్తం 4,19,600. రెండో కంపెనీ యంత్రాల మీద ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే అదే 3,40,000 దగ్గర ఆగిపోతుంది. ‘చౌక’ బేరం దాదాపు 80 వేలు ఎక్కువ తిన్నది.

నిజానికి మన బడుల్లో జరిగేది ఇంతకన్నా అన్యాయం. ఏఎంసీకి డబ్బు ఎవరూ ఇవ్వరు. రెండేళ్లకు యంత్రాలు ఆగిపోతాయి. అప్పుడు మొదటి బేరంలో 3,30,000 పెట్టి రెండేళ్లు వాడుకున్నట్టు, అంటే ఏడాదికి 1,65,000. రెండోదానిలో ఏడాదికి 68 వేలు. ఒక్కో ఏడాది వాడకానికి ఎంత పడిందన్నదే పేదల బడికి పనికొచ్చే లెక్క.

ఈ లెక్కలోకి కరెంటు కూడా రావాలి. మానిటరుతో కలిపి ఒక డెస్క్‌టాప్ వంద వాట్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌కు అందులో సగం చాలు. పైగా దాని బ్యాటరీ దానికే ఉంటుంది కాబట్టి పెద్ద యూపీఎస్ అక్కర్లేదు. కరెంటు వచ్చిపోయే ఊళ్లలో ఇది పెద్ద తేడా. డెస్క్‌టాప్‌లే కొంటే వైరింగ్, ఎర్తింగ్, యూపీఎస్, మూడు నాలుగేళ్లకోసారి మార్చాల్సిన బ్యాటరీల ఖర్చు అంచనాలోనే రాయాలి. ల్యాప్‌టాప్‌లకు దొంగతనం భయం ఉంటుంది కనుక ఇనుప బీరువా ఖర్చు రాయాలి.

సగం పని టెండరుకు ముందే

ఏ లక్షణాలున్న వస్తువు కావాలో రాసే కాగితాన్ని స్పెసిఫికేషన్ అంటారు. కొనుగోలు మంచిదో చెడ్డదో చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఒక కంపెనీ మోడల్‌ను ఎదురుగా పెట్టుకుని దాని కొలతలే రాస్తే మిగతావాళ్లు పోటీలోకే రాలేరు. ‘ఫలానా బ్రాండే’ అని ఉన్నా, ఒక్క కంపెనీ దగ్గరే ఉండే అరుదైన లక్షణాన్ని అవసరం లేకుండా తప్పనిసరి చేసినా అనుమానించండి.

కావాల్సింది మాత్రం గట్టిగా రాయించాలి. ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచుకునే వీలుండాలి. తెలుగులో టైపు చేసే సౌకర్యం ముందే అమర్చి ఉండాలి. వారంటీ బడి దగ్గరే చేసేదై ఉండాలి, సర్వీస్ సెంటరుకు మోసుకుపొమ్మనేది కాకూడదు. ఫిర్యాదు చేసిన ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, ఆలస్యమైతే రోజుకు ఎంత జరిమానా అన్నది ఒప్పందంలో ఉండాలి. జరిమానా రాయని వారంటీ మాట వరసకే. కంపెనీ కట్టే పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీని వారంటీ ముగిసేదాకా వాపసు ఇవ్వకూడదు.

పది బడులు విడివిడిగా కొనేకంటే కలిసి కొంటే ధర తగ్గుతుంది. గురుకుల సొసైటీలకు ఈ బలం ఉంది. అయితే అన్నీ రాజధానిలోనే తేల్చి లారీల్లో పంపితే బడికి ఏం కావాలో అడిగే నాథుడుండడు. గదే లేని బడికి ఇంటరాక్టివ్ ప్యానెల్ దిగుతుంది. ధర పైస్థాయిలో తేల్చినా, ఏది ఎన్ని కావాలో బడి చెప్పాలి. సరుకు అందిందని ఒప్పుకునే అధికారం కూడా బడిదే కావాలి.

కేరళ చేసిన పని

సాఫ్ట్‌వేర్ మీద పోయే డబ్బు కంటికి కనిపించదు. ఈ విషయంలో కేరళను చూడాలి. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైంది. తర్వాతి ఏళ్లలో ప్రభుత్వ బడులు దశలవారీగా లైనెక్స్ ఆధారిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. ఆ పథకమే తర్వాత కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. 2018లో హైటెక్ స్కూల్ కార్యక్రమం కింద 45 వేల తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఇచ్చే పని చేపట్టింది. లైసెన్సులు కొనకపోవడం వల్ల సుమారు 3 వేల కోట్ల రూపాయలు మిగిలాయని 2019లో ఆ సంస్థ చెప్పింది. ఆ అంకెను లైసెన్సు ధరల అంచనాతో వేశారు కాబట్టి అటూ ఇటూ ఉండొచ్చు. కానీ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టకుండా ఒక రాష్ట్రం బడులన్నిటినీ నడపవచ్చని రుజువైంది.

కేరళ బతికించింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. మామూలు టీచర్లకు శిక్షణ ఇచ్చి, యంత్రం ఆగితే మొదటి సాయం వాళ్లే చేసేలా తయారు చేశారు. ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు.

మన దగ్గర ఇదే కాలంలో వేరే దారి పట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ఐదేళ్ల ఒప్పందంతో ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. యంత్రాలూ వాళ్లవే, బోధకులూ వాళ్ల మనుషులే. గడువు తీరాక బోధకులు వెళ్లిపోయారు, యంత్రాలు బడికి మిగిలాయి. వాటిని నడిపే మనిషి బడిలో లేడు. మనిషిని తయారుచేయని కొనుగోలు ఒప్పందం గడువుతోనే ముగిసిపోతుంది.

తెలుగులో పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మనకూ కొదవ లేదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా ఈ పనిలో ఉంది. సీడాక్ తయారు చేసిన బాస్ లైనెక్స్ ఉంది. రాతకోతలకు, లెక్కల పట్టికలకు లిబ్రేఆఫీస్, గణితానికి జియోజెబ్రా, చిన్నపిల్లలకు జీకాంప్రి, ప్రోగ్రామింగ్‌కు స్క్రాచ్ దొరుకుతాయి. సైన్సు ప్రయోగాలకు ఫెట్ సిమ్యులేషన్లు తెలుగులో ఉన్నాయి. ఇంటర్నెట్ సరిగా లేని హాస్టళ్లలో కోలిబ్రి, కివిక్స్ లాంటివి ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండానే పాఠాలు, వికీపీడియా చదువుకోవచ్చు. వీటిలో దేనికీ లైసెన్సు రుసుము లేదు.

పాత యంత్రం చెత్త కాదు

విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 పాత ప్రాసెసర్ల మీద పనిచేయదు. ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. దీన్ని చూపించి బడుల్లో ఉన్న యంత్రాలన్నీ పనికిరావని, మొత్తం కొత్తవి కొనాలని ప్రతిపాదనలు వస్తాయి. ఒప్పుకోకండి. అదే యంత్రంలో హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి, లైనెక్స్ ఎక్కిస్తే పిల్లల పనికి ఇంకా కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. అయ్యే ఖర్చు కొత్త యంత్రం ధరలో చిన్న భాగమే.

ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లను వదిలించుకుంటాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. విద్య అందులో ఉంది. హైదరాబాద్‌లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు తమ కంపెనీలో ఈ మాట కదిలించగలరు. అయితే దానమని ఏదిచ్చినా తీసుకోవద్దు. బ్యాటరీ ఎంతసేపు ఆగుతోంది, తెర బాగుందా, ఛార్జరు ఇస్తున్నారా, కనీసం ఏడాది మరమ్మతు బాధ్యత ఎవరిది అని అడిగి తీసుకోవాలి. లేదంటే వాళ్ల చెత్తను మన బడిలో పారబోసినట్టే.

పూర్తిగా చచ్చిన యంత్రాలను పాత సామాన్ల బండికి వేయకూడదు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. తీగలు కాల్చి రాగి తీసే పని చివరికి ఎవరి చేతుల మీద పడుతుందో మనకు తెలుసు.

యాప్ ఉచితం, మరి రేపో?

పరికరంతో పాటు పాఠాలూ కొంటారు. అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి సుమారు 5.18 లక్షల ట్యాబులు ఇచ్చింది. వాటిలో పాఠాలు బైజూస్‌వి. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డదన్న వాదన పక్కన పెడదాం. ప్రభుత్వం మారినా, కంపెనీ మూతపడినా పిల్లవాడి పాఠం ఆగకూడదంటే ఒప్పందంలో ఏముండాలన్నది మన ప్రశ్న. పాఠాలు పరికరంలోనే ఉండిపోతాయా? వాటి మీద హక్కు బడికి ఉందా? ట్యాబు తాళం తీసే పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? ఆ కంపెనీ పోతే వేరే పాఠాలు వేసుకోవచ్చా?

దీక్ష వేదిక మీద ప్రభుత్వమే తయారు చేయించిన పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వాటిలో ఉన్నదాన్నే మళ్లీ డబ్బిచ్చి కొంటున్నారేమో చూడాలి.

అట్టపెట్టె విప్పాకే సంతకం

పెద్ద కొనుగోళ్లు రాష్ట్రాల్లో టెక్నాలజీ సర్వీసెస్ సంస్థల ద్వారా, ఈ-ప్రొక్యూర్‌మెంట్ టెండర్ల ద్వారా జరుగుతాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు 2016లో వచ్చిన జెమ్ పోర్టల్ తప్పనిసరి. జెమ్‌లో కొంటే అంతా సవ్యమేనన్న భ్రమ వద్దు. అక్కడ చూపే ఎంఆర్‌పీ మీద తగ్గింపు ఎంతన్నది కాక, అదే మోడల్ బయట ఎంతకు దొరుకుతోందో చూడాలి.

జెమ్‌లో సరుకు అందాక పది రోజుల్లోగా అందుకున్నవారు దాన్ని పరీక్షించి, అంగీకార పత్రం ఇవ్వాలి. ఆ పత్రం మీదే చెల్లింపు జరుగుతుంది. టెండరు ఎవరు వేసినా, ఈ సంతకం పెట్టేది చాలాసార్లు బడి మనిషే. అందుకే ప్రతి పెట్టె విప్పి, ఆన్ చేసి, ర్యామ్, స్టోరేజీ ఆర్డరులో ఉన్నట్టే ఉన్నాయా చూసి, సీరియల్ నంబర్లు స్టాక్ రిజిస్టరులో రాసి, వారంటీ ఆ నంబర్ల మీద నమోదైందో లేదో సరిచూసి సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక బడి చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

అమ్మేవాళ్లలో మనవాళ్లున్నారా అన్నది కూడా అడగాల్సిందే. 2012 నాటి కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి రావాలి. అందులోనే 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి. ఈ లక్ష్యం అందడం లేదన్న విమర్శ ఏళ్లుగా ఉంది. మండల కేంద్రంలో కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్న దళిత యువకుడు టెండరులో గెలవలేకపోవచ్చు. కానీ మరమ్మతు ఒప్పందాన్ని విడిగా, స్థానికంగా ఇస్తే అతను చేయగలడు. ఫోన్ చేస్తే గంటలో వచ్చే మనిషి బడికీ దొరుకుతాడు.

మన చేతిలో ఉన్నవి

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు, వెనకబడిన వర్గాలకు దామాషా ప్రకారం చోటు ఉండాలి. గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఆ కమిటీ బాధ్యత అని చట్టమే రాసింది. కమిటీ పేరు, రూపం రాష్ట్రాల్లో మారుతున్నా ఈ బాధ్యత మారలేదు. వాడ నుంచి ఆ కమిటీలో ఉన్న అమ్మలను సంతకాలకే పిలుస్తున్నారా, లెక్కలు చూపిస్తున్నారా అని కనుక్కోండి.

చూపకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇలా రాయవచ్చు:

“మా పాఠశాలకు గత ఐదేళ్లలో కొన్న లేదా అందిన కంప్యూటర్లు, ట్యాబులు, ప్యానెళ్ల వివరాలు: మంజూరు ఉత్తర్వు, ఖాతా పద్దు, కొనుగోలు ఆర్డరు, వారంటీ షరతులు, అంగీకార పత్రం, స్టాక్ రిజిస్టరు పేజీల నకళ్లు. నిర్వహణ గ్రాంటు ఏటా ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది. నమోదైన ఫిర్యాదులు, అవి పరిష్కారమైన తేదీలు, కంపెనీకి వేసిన జరిమానాలు. సెక్షన్ 2(జె) కింద ల్యాబ్‌ను, రికార్డులను స్వయంగా తనిఖీ చేసే అవకాశం.”

చివరి వాక్యం వదలకండి. కాగితం మీద ఇరవై కంప్యూటర్లు ఉండొచ్చు, గదిలో ఎన్ని వెలుగుతున్నాయో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది.

ల్యాబ్ తెరుచుకున్నాక మరో పని మిగిలి ఉంటుంది. ఏ తరగతికి ఏ పీరియడో గోడ మీద అంటించాలి. ఒక్కో యంత్రం ముందు ముగ్గురు కూర్చుంటే కీబోర్డు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటోందా, మన పిల్లలు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తున్నారా అని గమనించాలి. వంతులు వేసి అందరి వేళ్లూ కీబోర్డు మీదికి తెప్పించినప్పుడే కొన్న డబ్బుకు విలువ.

వచ్చే వారం మీ ఊరి బడికి వెళ్లినప్పుడు ఆ గది తాళంచెవి అడగండి.